గుణకారం కూడికతో మొదలుపెట్టాలా, ఎక్కాలతోనా? చేసి చూసినవాళ్ళు చెప్పండి

రెండో తరగతి అమ్మ:
మా పాప రెండో ఎక్కం, అయిదో ఎక్కం గడగడా చెప్పేస్తుంది. కానీ నాలుగు ఆటోలకి మొత్తం ఎన్ని చక్రాలు అని అడిగితే ఏడు అంటుంది, నాలుగూ మూడూ కలిపేస్తోందన్నమాట. 3+3+3+3 అని రాసిస్తే పన్నెండు అని వెంటనే చెప్తుంది, దాన్నే 4×3 అని రాస్తే మళ్ళీ ఏడే. ఇంట్లో పెద్దవాళ్ళేమో ముందు ఎక్కాలన్నీ కంఠతా పట్టించు, అర్థం అదే వస్తుంది అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

ప్రైమరీ టీచర్, ప్రకాశం జిల్లా:
టెన్షన్ వద్దండీ, ఏడు అనేవాళ్ళు మా క్లాసులో ఏటా ఉంటారు. పాపకి కూడిక రాక కాదు, ఒక్కో ఆటోకి మూడేసి అనేది ఇంకా పట్టుబడలేదు. కొన్నాళ్ళు ఆ × గుర్తు పక్కన పెట్టేయండి. నాలుగు ప్లేట్లు, కాసిని చింతపిక్కలు తీసుకుని ఒక్కో ప్లేటులో రెండేసి పెట్టమనండి. ఎన్ని ప్లేట్లు? ఒక్కోదాంట్లో ఎన్నేసి? ఈ రెండూ తను చెప్పాకే మొత్తం ఎన్ని అని అడగండి, ముందే అడిగితే మళ్ళీ కనిపించిన రెండు అంకెలూ కలిపేస్తుంది. మధ్యలో కావాలనే ఒక ప్లేటులో ఇంకో పిక్క ఎక్కువ వేసి చూడండి. అన్నిట్లో సమానంగా లేవు అని తనంతట తను పట్టుకున్నాక 2+2+2+2 రాసి, దాని కింద 4×2 అని రాయండి. ఇంకో సంగతి, కొందరు కూడేటప్పుడు కూడా ప్రతిసారీ ఒకటి నుంచి లెక్కపెడుతూ వస్తారు. 2, 4, 6, 8 అని దాటుకుంటూ లెక్కపెట్టడం రాకపోతే ముందు అది చేయించాలి.

డాలస్ నాన్న:
మేడమ్, నాదో డౌట్. ఇక్కడ అమెరికాలో చాలా రాష్ట్రాలు పాటించే కామన్ కోర్ అనే పాఠ్య ప్రమాణాల ప్రకారం (మా టెక్సస్ వాటిని తీసుకోలేదనుకోండి) మూడో తరగతిలో 5×3 అంటే అయిదు గుంపులు, ఒక్కోదాంట్లో మూడు, అంటే 3+3+3+3+3 అని చెప్తారు. ఒక పిల్లాడు 5+5+5 అని రాస్తే తప్పు కొట్టేసిన పేపరు ఫోటో 2015లో నెట్‌లో తెగ తిరిగింది, గుర్తుందా? మా వాడికి ఇంట్లో మన ఎక్కాలు నేర్పుతుంటే వాడు అడిగాడు, "అయిదు మూళ్ళు అంటే మూళ్ళే కదా కూడాలి, మరి అయిదో ఎక్కంలో లైనుకి అయిదు చొప్పున ఎందుకు పెరుగుతోంది?" అని. వాడికి ఏం చెప్పాలి?

రిటైర్డ్ లెక్కల మాస్టారు, ఖమ్మం:
చాలా మంచి ప్రశ్న బాబూ, పిల్లాడు నిజంగా ఆలోచిస్తున్నాడు. చుక్కలు పెట్టి చూపించు. అయిదు అడ్డు వరసలు, వరసకి మూడు చుక్కలు, అవి అయిదు మూళ్ళు. వాటిని అయిదు నాలుగులు చేయాలంటే ఏం చేయాలో వాడినే చేయమను. ప్రతి వరసలో ఒక చుక్క చేర్చాలి, వరసలు అయిదు కాబట్టి ఒకేసారి అయిదు చుక్కలు పెరుగుతాయి. అదే వాడి ప్రశ్నకి జవాబు. ఆ తర్వాత కాగితం పక్కకి తిప్పితే నిలువు వరసలు అడ్డు వరసలవుతాయి, చుక్కలు మాత్రం అవే. 30 గుడ్ల ట్రే ఉన్నా చాలు, ఒకవైపు నుంచి అయిదు వరసల్లో ఆరేసి, తిప్పితే ఆరు వరసల్లో అయిదేసి. ఒట్టి కూడికలు రాసుకుంటూ కూర్చుంటే 6+6+6+6+6, 5+5+5+5+5+5 ఒకటే ఎందుకయ్యాయో పిల్లలకి కనిపించదు, అందుకే ప్లేట్ల తర్వాత త్వరగా వరసల్లోకి తీసుకురావాలి.

ట్యూషన్ అక్క:
మాస్టారు చెప్పింది నూటికి నూరు శాతం నిజం. నా దగ్గరికి వచ్చే నాలుగో తరగతి పిల్లలు కొందరు 6×7కి ఇంకా ఏడుని ఆరుసార్లు కూడుతూ వేళ్ళు లెక్కపెడుతుంటారు, భాగహారానికి వచ్చేసరికి అలసిపోతారు పాపం. వాళ్ళకి నేను చెప్పేది, అయిదు ఏళ్ళు ముప్ఫై అయిదు తెలుసుగా, ఇంకో ఏడు కలుపు, నలభై రెండు. నాలుగు ఏళ్ళు ఇరవై ఎనిమిది, దానికి రెట్టింపు ఎనిమిది ఏళ్ళు. ఇలా వచ్చినదాన్నుంచి రానిది రాబడుతూ ఉంటే ఎక్కం దానంతట అది నోటికొస్తుంది. ఎక్కాలు అక్కర్లేదు అనేవాళ్ళతో మాత్రం నేను ఒప్పుకోను. ఇంకో మాట, సున్నాతో గుణించడానికి ఖాళీ ప్లేట్లు చూపించండి, నాలుగు ప్లేట్లున్నా ఒక్క పిక్కా లేదు.

హైస్కూల్ మ్యాథ్స్ టీచర్:
ఒక మాట చేర్చనా. గణిత శాస్త్రవేత్త కీత్ డెవ్లిన్ 2008లో, గుణకారం అంటే పదే పదే కూడటమే అని పిల్లలకి చెప్పడం మానేయండి అని రాశారు, దానిమీద చాలా వాదన నడిచింది. నేను అంతదూరం వెళ్ళను, చిన్నపిల్లలకి కూడికే దగ్గర దారి. కానీ పైక్లాసులో ½×½ దగ్గర, గుణిస్తే పెరగాలి కదా సార్ అని అడిగేవాళ్ళని చూస్తుంటాను. అరసారి ఎలా కూడతారు మరి? అందుకని గుణకారమంటే కూడికే అనేయకుండా, గుంపులు సమానంగా ఉన్నప్పుడు కూడి కూడా కనుక్కోవచ్చు అనండి. కాగితాన్ని నిలువుగా ఒక మడత, అడ్డంగా ఒక మడత పెట్టి విప్పితే సగంలో సగం పావు అని తెలుస్తుంది, వరసలు అలవాటైన పిల్లలకి ఇది తేలిక.

రెండో తరగతి అమ్మ:
అందరికీ థాంక్స్ అండీ. ప్లేట్లతోనే మొదలుపెడతాను. మరి ఎక్కాలు ఏ వరసలో చెప్పను, రెండు తర్వాత మూడేనా?

ప్రైమరీ టీచర్, ప్రకాశం జిల్లా:
నేనైతే 2, 10, 5 ముందు చెప్తాను. తర్వాత 4, ఎందుకంటే రెండో ఎక్కానికి రెట్టింపు. ఆపైన 3, దాని రెట్టింపు 6. 7, 8, 9 చివరికి, అప్పటికి వాటిలో సగం పైగా తిరగేసి వచ్చేసి ఉంటాయి.