కొత్త చౌక పిస్టల్: మొదటి రోజు 150 రౌండ్లు, 4 జామ్‌లు. తప్పు తుపాకీదా, చేతిదా?

వేకువ
నిన్న కొత్త పిస్టల్‌ని మొదటిసారి రేంజ్‌కి తీసుకెళ్ళాను. 9 ఎం.ఎం., పోలిమర్ ఫ్రేమ్, స్ట్రైకర్ రకం (సుత్తి బదులు లోపల స్ప్రింగుతో దూకే సూది), బ్యారెల్ 102 మి.మీ., 15 రౌండ్లు పట్టే మ్యాగజీన్లు రెండు. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు. రాస్తే చర్చంతా పేరు మీదికే పోతుంది. చౌక రకాల్లోనే చౌకది అనుకోండి.

విప్పి, లోపల పూసిన గ్రీజు తుడిచేసి, స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) పట్టాలకి ఒక్కో చుక్క నూనె వేసుకునే వెళ్ళాను. 115 గ్రెయిన్ల (గుండు బరువు) మామూలు ప్రాక్టీసు తూటాలు 150 కాల్చాను, మ్యాగజీన్లు ఒకటి తర్వాత ఒకటి మార్చుకుంటూ.

ముందు మంచి చెప్తాను. పిడి చేతిలో బాగా కూర్చుంది. ట్రిగ్గర్ కొంత దూరం ఊరికే వస్తుంది, మధ్యలో ఇసుక పడినట్టు చిన్న గరుకు, ఆ తర్వాత గోడ తగిలినట్టు ఆగి అక్కణ్ణుంచి టక్కున వదులుతుంది. రీసెట్, అంటే కాల్చాక ట్రిగ్గర్ మళ్ళీ సిద్ధమయ్యే చోటు, దగ్గర్లోనే ఉంది, వేలికి తెలుస్తుంది. 7 మీటర్ల నుంచి పది రౌండ్లూ అరచేత్తో మూసేంత చోటులో పడ్డాయి, కాకపోతే మధ్యకి కాస్త కిందగా, ఎడమగా.

ఇక చెడు. 4 సార్లు ఆగింది. 23, 41, 88, 112వ రౌండ్ల దగ్గర, నోట్‌బుక్‌లో రాసుకున్నాను. 41 దగ్గర తూటా ముక్కు ఫీడ్ ర్యాంప్‌కి (తూటా బ్యారెల్‌లోకి ఎక్కే వాలు) గుద్దుకుని ఇరుక్కుంది. మిగతా మూడూ స్టవ్‌పైప్‌లే, కాలిన కేసు (తూటా ఖాళీ డొల్ల) బయటికి ఎగరకుండా స్లైడ్ నోట్లో పొగగొట్టంలా నిలబడిపోయింది. చౌకది కాబట్టి ఇంతేనా, లేక నా వైపు ఏదైనా లోపమా?

పాతపిడి
మణికట్టు, తమ్ముడూ. వందకి తొంభై సార్లు మణికట్టే.

తూటా పేలినప్పుడు స్లైడ్ వెనక్కి వెళ్ళాలి, ఫ్రేమ్ ఉన్నచోటే ఉండాలి. చేయి వదులుగా ఉంటే ఫ్రేమ్ కూడా దాని వెనకే పోతుంది. అప్పుడు స్లైడ్ ఫ్రేమ్ మీద పూర్తి దూరం జరగదు, కేసు దాన్ని బయటికి నెట్టే ఎజెక్టర్‌కి గట్టిగా తగలదు, ఎగరదు. స్టవ్‌పైప్ అంటే అదే. పైగా స్లైడ్‌ని మళ్ళీ ముందుకి తోసే కొత్త రికాయిల్ స్ప్రింగు బిర్రుగా ఉంటుంది, చాలా ప్రాక్టీసు తూటాల్లో దమ్ము తక్కువ. కింద ఎడమకి పడ్డాయన్నావు, కుడిచేతి వాటమైతే అది చేయి ముందే బెదిరిపోయే లక్షణం.

300 రౌండ్లు దాటనివ్వు, పట్టు బిగించు. ఆడలేక మద్దెల ఓడు అనకూడదు.

గాలివాటం
మద్దెల నిజంగానే ఓడైతే?

ఇత్తడి_డబ్బా
జామ్ తీసేటప్పుడు గొట్టం ఎటు ఉంది, వేలు ఎక్కడుంది? అది చెప్పు ముందు.

వేకువ
గొట్టం టార్గెట్ వైపే, వేలు ట్రిగ్గర్ బయటే. మ్యాగజీన్ అడుగున తట్టి స్లైడ్ లాగితే స్టవ్‌పైప్‌లు పోయాయి. 41 దగ్గర మాత్రం మ్యాగజీన్ బయటికి తీయాల్సి వచ్చింది.

లెక్కల_మాస్టారు
మీరు రాసుకున్న నంబర్లు బాగా పనికొస్తాయి. 15 చొప్పున మార్చి మార్చి వాడితే 23, 88, 112 మూడూ రెండో మ్యాగజీన్‌లోవి. 41 ఒక్కటే మొదటిది. మ్యాగజీన్ల మీద నంబర్లు వేశారా?

అయితే తొందరపడకండి. నాణెం నాలుగుసార్లు ఎగరేస్తే 3-1గా పడటం సగం సార్లు జరిగేదే.

స్ప్రింగు
మాస్టారూ, లెక్క సరే గానీ స్టవ్‌పైప్ సాధారణంగా మ్యాగజీన్ చేసే నేరం కాదు. ముక్కు గుద్దుకోవడం మ్యాగజీన్ నేరం. అది పడింది మొదటి మ్యాగజీన్‌లో. మీ సాక్ష్యం తిరగబడింది.

గాలివాటం
ఆ 300 రౌండ్ల మాట నాకెప్పుడూ అర్థం కాదు. నా తూటాలతో, నా టైముతో, ఫ్యాక్టరీలో సగంలో వదిలేసిన పని నేను పూర్తిచేయాలా? ర్యాంప్ నున్నగా చేసి పంపడం వాళ్ళ పని.

పాతపిడి
కొత్త చెప్పులు కూడా నాలుగు రోజులు కరుస్తాయి. పారేస్తామా?

గాలివాటం
చెప్పు కరిస్తే కాలు పుండవుతుంది. ఇది అవసరానికి కరిస్తే?

నా సంగతి చెప్తాను. నా మొదటి పిస్టల్ ఇలాగే ఆగేది. నేర్పే ఆయన ఆరు నెలలు నా చెయ్యి పట్టుకుని సరిచేశాడు. అందరి ముందూ "పట్టు లేదు, పట్టు లేదు" అని. ఆర్నెల్ల తర్వాత ఇంకెవరో కాలిన కేసుని పట్టి లాగే ఎక్స్‌ట్రాక్టర్ విప్పి చూస్తే కొక్కెం అంచు విరిగి ఉంది. అది మార్చాక ఒక్కసారి ఆగలేదు. నా పట్టు అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. ఆ ఆర్నెల్లూ నేను తల దించుకుని రేంజ్‌కి వెళ్ళిన సంగతి ఎవరు లెక్కలో వేస్తారు?

పాతపిడి
నీ ఎక్స్‌ట్రాక్టర్ విరిగిందని లోకంలో అందరిదీ విరగదు. ఎక్స్‌ట్రాక్టర్ పోతే కేసు ఛాంబర్‌లోనే (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) ఉండిపోతుంది. ఇక్కడ కేసు బయటికి వచ్చింది, ఎగరలేదు. రెండూ ఒకటి కాదు.

గాలివాటం
కొక్కెం పూర్తిగా పోతే ఉండిపోతుంది. కాస్త విరిగితే వదులుగా పట్టుకుని మధ్యలో జారవిడుస్తుంది, అప్పుడు స్టవ్‌పైప్ అవుతుంది. నాకు అయింది. నా చేతిలో అయింది.

స్ప్రింగు
ఆయన చెప్పింది జరిగే విషయమే. వేకువ, ఎక్స్‌ట్రాక్టర్ గోరుతో గీకి చూడండి, అంచు పదునుగా తెలియాలి. కాలిన కేసుల అంచులు కూడా చూడండి, కొక్కెం జారితే గీత పడుతుంది. ఇంకొకటి, ఎవరైనా వేరేవాళ్ళు అదే తుపాకీతో కాల్చారా?

వేకువ
కేసులు ఏరి తెచ్చుకోలేదు, పొరపాటే. ఎక్స్‌ట్రాక్టర్ అంచు బాగానే ఉంది. మ్యాగజీన్లకి నంబర్లు నిన్న లేవు, ఇవాళ వేశాను.

మా అన్నయ్య నా తర్వాత 50 కాల్చాడు. ఒక్కటీ ఆగలేదు. కానీ ఇదే పెట్టెలోని తూటాలతో రేంజ్‌వాళ్ళ పాత స్టీలు ఫ్రేమ్ పిస్టల్‌తో నేను ఇదివరకు 200 దాకా కాల్చాను. అందులోనూ ఒక్కటీ ఆగలేదు.

పాతపిడి
అన్నయ్య చేతిలో ఆగలేదు! కేసు అయిపోయింది. ఇంకా ఏం చర్చ?

లెక్కల_మాస్టారు
అయిపోలేదు. 150కి 4 అంటే సగటున 37, 38 రౌండ్లకి ఒకటి. అదే రేటుతో ఎవరు కాల్చినా 50 రౌండ్లు ఆగకుండా పోయే అవకాశం నాలుగింట ఒక వంతు దాకా ఉంది. ఊరికే అదృష్టం కావచ్చు. మరో మాట, వరసగా 150 ఆగకుండా కాలినా సరే, లోపం రేటు 2 శాతం దాకా ఉండొచ్చనే లెక్క చెప్తుంది. 300 ఆగకుండా పోతే 1 శాతం. ఒక్క సాయంత్రం రేంజ్‌తో ఏ తుపాకీకీ సర్టిఫికెట్ ఇవ్వలేం, చెడ్డదనీ అనలేం.

ఇత్తడి_డబ్బా
మాస్టారు కాల్చరు, కూడతారు.

పాతపిడి
తమ్ముడూ, ఒక పని చెయ్యి. అన్నయ్యని మ్యాగజీన్ నింపమను, మధ్యలో నీకు తెలియకుండా రెండు మూడు మందు లేని డమ్మీ తూటాలు పెట్టమను. డమ్మీ వచ్చినప్పుడు ముందు సైటు కిందికి దిగితే నీ సంగతి నీకే తెలుస్తుంది.

వేకువ
చేశాను. 5 డమ్మీల్లో 3 సార్లు సైటు కిందికి దిగింది. ఒప్పుకుంటున్నాను, బెదురు ఉంది.

ఇంకో మాట, నేను తమ్ముణ్ణి కాదు. చెల్లెల్ని.

పాతపిడి
అమ్మా! ఆ మాట ముందే చెప్పాల్సింది కదా. ఇన్ని పోస్టులు రాసేవాణ్ణే కాదు. ఆడపిల్లల మణికట్టు సన్నం, అది సహజం. ఇంకా చిన్న క్యాలిబర్‌తో మొదలుపెట్టు తల్లీ.

స్ప్రింగు
అయ్యో.

వేకువ
పాతపిడి గారూ, ఇందాక తమ్ముడిగా ఉన్నప్పుడు నాకు స్ప్రింగు బిర్రు గురించి, తూటా దమ్ము గురించి కూడా చెప్పారు. చెల్లెల్ని అనగానే అవన్నీ ఎటు పోయాయి? తుపాకీ అదే, నోట్‌బుక్‌లో నంబర్లు అవే. మారింది మీరు నన్ను పిలిచే పిలుపొక్కటే.

గాలివాటం
ఇదే, ఇదే నేను ఆర్నెల్లు పడ్డది. మీసాలున్నా పడ్డాను.

పాతపిడి
నేను అగౌరవంగా ఏమీ అనలేదు. డమ్మీ పరీక్షలో మూడుసార్లు దిగిందని తనే చెప్పింది.

స్ప్రింగు
బెదరడం వేరు, మణికట్టు వదలడం వేరు. బెదిరేవాళ్ళు దెబ్బకి ముందే చేతిని ముందుకీ కిందికీ తోస్తారు, పట్టు ఇంకా బిగుస్తుంది. వదులు చేయి దెబ్బ తర్వాత వెనక్కి పోతుంది. డమ్మీ పరీక్షలో తేలింది మొదటిది. కింద ఎడమకి పడటానికి అది కారణం. స్టవ్‌పైప్‌కి కాదు. మీరు రెండింటినీ ఒకే సంచిలో వేస్తున్నారు.

పాతపిడి
రెండూ చేయి సరిగా లేకపోవడమే.

స్ప్రింగు
జలుబూ జ్వరమూ రెండూ ఒంట్లో బాగాలేకపోవడమే. మందు ఒకటేనా?

గాలివాటం
వెనక సైటు కాస్త కుడికి జరిపితే ఎడమకి పడేది సర్దుకుంటుంది కదా?

లెక్కల_మాస్టారు
వద్దు. బెదురు పోయాక అన్నీ కుడికి పోతాయి. ఇలాంటి సైజులో రెండు సైట్ల మధ్య 150 మి.మీ. అనుకుంటే, ముందు సైటు 1 మి.మీ. పక్కకి జరిగినా 7 మీటర్ల దగ్గర 47 మి.మీ. తేడా వస్తుంది. అంత తేడా వేలు తెచ్చిందా, సైటు తెచ్చిందా అన్నది ముందు దిండు మీద ఆనించి కాల్చి తేల్చుకోవాలి.

పాతపిడి
సరే, సైట్లు పక్కన పెట్టండి. రేంజ్ స్టీలు పిస్టల్ ఎందుకు ఆగలేదో చెప్తాను. స్టీలు ఫ్రేమ్ బరువు. పోలిమర్ ఫ్రేమ్ తేలిక. బరువున్న ఫ్రేమ్ తనకి తానే కదలకుండా నిలబడుతుంది, చేయి పట్టాల్సిన పనిలో సగం అదే పడుతుంది. పాతది కాబట్టి స్ప్రింగు కూడా మెత్తబడి ఉంటుంది. నా వాదన నిలబడిందా లేదా?

వేకువ
నిలబడింది. కానీ అది నా వాదన.

ఆ తుపాకీ నా చేతిని భరించింది. ఇది భరించలేదు. మీరు దాన్ని చేతి తప్పు అంటారు. నేనేమంటానంటే, చౌక పిస్టల్ ఎవరు కొంటారు? మొదటిసారి కొనేవాళ్ళు. వాళ్ళ చేతులు కొత్తవే. వాళ్ళు కొనేది ప్రాక్టీసు తూటాలే. స్ప్రింగు ఎలాగూ కొత్తదే. మూడూ ఒకేసారి కలుస్తాయని చేసేవాళ్ళకి తెలియదా? ఖరీదైన తుపాకీ అలవాటైన చేతిలోకి వెళ్ళి ఆగకుండా కాలుతుంది. ఇది కొత్త చేతిలోకి వచ్చి, గట్టి చేయి కావాలి అంటుంది. ఓపిక ఎక్కువ ఉండాల్సిన దాన్లోనే ఓపిక తక్కువ పెట్టారు. నా బెదురు నాది, పోగొట్టుకుంటాను. కానీ ఈ లోపం మాత్రం నా ఖాతాలో రాయకండి.

ఇత్తడి_డబ్బా
ఈ పోస్టుకి జవాబు చూడాలనుంది.

పాతపిడి
జవాబు ఉంది. కాస్త వ్యక్తిగతం.

చాలా ఏళ్ళ క్రితం ఒక పిస్టల్ ఇలాగే ఆగుతోందని తిట్టి, మంట పుట్టి, పరిచయస్తుడికి అమ్మేశాను. ఆయన ఇప్పటికీ దాంతో కాలుస్తాడు. వేల రౌండ్లు. ఒక్కసారి నా ఎదురుగానే కాల్చి, ఏమీ అనకుండా నా వైపు చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేదు. అప్పట్నుంచి ఎవరైనా తుపాకీని తిడితే నాకు ముందు ఆ చూపే గుర్తొస్తుంది. అందుకే మణికట్టు, మణికట్టు అంటాను. నువ్వు కూడా మంచి తుపాకీని పోగొట్టుకుంటావేమోనని.

ఇప్పుడు నా దగ్గరున్నది కూడా చౌక రకమే. అందరూ చౌక అంటే కాస్త మండుతుంది, అదీ నిజమే. మ్యాగజీన్లలో ఒకటి పైన తూటాని పట్టుకునే పెదవులు సాగిపోయిందని పారేసిన మాట మాత్రం ఇక్కడ ఎప్పుడూ చెప్పలేదు.

గాలివాటం
అదీ సంగతి! ఇన్నేళ్ళూ "నాది ఎప్పుడూ ఆగలేదు" అని రాశారు కదండీ?

పాతపిడి
పారేశాక ఆగలేదు.

స్ప్రింగు
😀

పాతపిడి
ముందే చెప్పాల్సింది కదా అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. చిన్న క్యాలిబర్ మాట కూడా. మణికట్టు మాట తీసుకోను.

వేకువ
తీసుకోవద్దు. ఆదివారం మళ్ళీ వెళ్తున్నాను. నంబరు వేసిన మ్యాగజీన్లు, 115 గ్రెయిన్లవి 100, 124 గ్రెయిన్లవి 100. అన్నయ్యా నేనూ ప్రతి మ్యాగజీన్‌కీ చేతులు మార్చుకుంటాం. కేసులన్నీ ఏరుకొస్తాను.

లెక్కల_మాస్టారు
ఎవరి వంతు ముందో నాణెం వేసి తేల్చుకోండి. ఎప్పుడూ అన్నయ్యే చివర కాలిస్తే స్ప్రింగు మెత్తబడ్డాక ఆయన వంతు వచ్చినట్టవుతుంది.

పాతపిడి
తూటాల పెట్టె మీద లాట్ నంబరు కూడా రాసుకో, చెల్లీ. 124తో ఆగకపోతే ఇక్కడ నన్ను తిట్టడానికి ఆధారం కావాలిగా.