దీర్ఘవృత్తంలో తిరిగే కణం మీద బలం కేంద్రం వైపా, నాభి వైపా?

కందుకూరు కుర్రోడు:
ఇంటర్ అయిపోయింది, ఎంట్రన్స్‌కి చదువుతున్నా. వీక్లీ టెస్టులో ఒక లెక్క ఇచ్చారు. అర కిలో కణం, ఎక్స్ = 4 కాస్ 2టి, వై = 3 సైన్ 2టి, మీటర్లలో. బలం ఎటు అని. దారి దీర్ఘవృత్తం కదా, గ్రహాల దీర్ఘవృత్తాల్లో సూర్యుడు నాభిలో (మధ్యలో కాదు, పొడవు అక్షం మీద ఒక పక్కకు ఉండే బిందువు) ఉంటాడన్న కెప్లర్ గుర్తొచ్చి ‘నాభి వైపు’ పెట్టేశా. కీలో ‘కేంద్రం వైపు’ అని ఉంది. నాలుగు మార్కులు పోయి, పైన ఒకటి మైనస్. సార్‌ని అడిగితే ‘డిఫరెన్షియేట్ చేసుకో, వస్తుంది’ అన్నారు. చేశా, వచ్చింది. మరి గ్రహాలవీ దీర్ఘవృత్తాలే కదా, అక్కడ నాభి ఎట్లా అయింది?

రిటైర్డ్ మాస్టారు, గూడూరు:
బాబూ, దారి ఒక్కటే చూసి బలం చెప్పలేం. ఆ దారిలో ఎక్కడ ఎంత జోరుగా పోతోందో కూడా తెలియాలి. నీ లెక్కలో త్వరణం ఎక్స్ దిశలో మైనస్ 4 ఎక్స్, వై దిశలో మైనస్ 4 వై. అంటే కణం ఎక్కడున్నా లాగుడు కేంద్రానికే, దూరానికి తగ్గట్టు. దీర్ఘాక్షం (పొడవు) కొనలో 4 మీటర్ల దూరం, 8 న్యూటన్ల బలం. హ్రస్వాక్షం (పొట్టి) కొనలో 3 మీటర్లు, 6 న్యూటన్లు. దూరం పోయేకొద్దీ లాగుడు పెరుగుతోంది, స్ప్రింగ్ మాదిరి. గ్రహానికి దీనికి తలకిందులు. దూరం పోతే లాగుడు తగ్గుతుంది, దూరం వర్గానికి విలోమంగా. న్యూటన్ 1687లో తన ‘ప్రిన్సిపియా’ పుస్తకంలో ఈ రెండూ వెంటవెంటనే తేల్చాడు: పదో ప్రతిపాదన కేంద్రానిది, పదకొండోది నాభిది.

పొదలకూరు నిమ్మతోట:
మాస్టారూ, ఇది నేను మా వసారాలో చూశా. మా పాప ప్రాజెక్టు కోసం ఉయ్యాల కొక్కేనికి ఏడడుగుల తాడు కట్టి, అర లీటరు నీళ్ల బాటిల్ తలకిందులుగా వేలాడదీశాం, మూతకు చిన్న బెజ్జం పెట్టి. ముందు ముగ్గుపిండి పోశాం, బెజ్జంలో అడ్డుపడింది. పెన్నా ఇసుక జల్లించి పోస్తే ధారగా పడింది. బాటిల్‌ని ఒక పక్కకు లాగి, వదిలేటప్పుడు కొంచెం అడ్డంగా తోశా. మూడు సెకన్లకు ఒక చుట్టు. ఎర్ర గచ్చు మీద కోడిగుడ్డు ఆకారం పడింది. రెండు చుట్లకే చేత్తో ఆపేశా, లేకపోతే గీత మీద గీత పడి ఏమీ కనపడదు.

అసలు విషయం ఇసుక మందంలో ఉంది. పొడవు కొనలు రెండిట్లో దట్టంగా, నడుమున రెండు పక్కలా పల్చగా. దట్టంగా పడిందంటే అక్కడ మెల్లగా పోయినట్టే కదా. కొక్కెం కింద సున్నంతో చుక్క పెట్టుంచా, అది సరిగ్గా మధ్యలో ఉంది.

కందుకూరు కుర్రోడు:
రెండు కొనల్లోనూ ఒకే మందమా అన్నా?

పొదలకూరు నిమ్మతోట:
ఆఁ, రెండూ ఒకటే. మా ఆవిడ చీపురు తెచ్చేలోపు ఫొటో కూడా తీశా.

సూళ్లూరుపేట బైపాస్:
మా ఊరి పక్కన శ్రీహరికోట నుంచి పైకి పోయేవాటికి అట్లా ఉండదు తమ్ముడూ. 2023 జులై 14న మిద్దె మీంచి చంద్రయాన్-3 పోవడం చూశాం. దాన్ని ముందు పెట్టిన కక్ష్య భూమికి దగ్గర కొనలో సుమారు 170 కిలోమీటర్లు, దూరపు కొనలో సుమారు 36,500. భూమి వ్యాసార్థం కలుపుకుని కేంద్రం నుంచి కొలిస్తే ఒకటికి ఆరున్నర. కాబట్టి వడి కూడా అంతే తేడా: దగ్గర సెకనుకు పది కిలోమీటర్ల పైన, దూరాన ఒకటిన్నర చిల్లర. దానికి ఇసుక బాటిల్ కడితే ఒక కొనలోనే గుట్ట పడుద్ది. భూమి మధ్యలో లేదు, నాభిలో ఉంది.

చీమకుర్తి లారీ:
నాకో డౌట్. బలం ఎప్పుడూ దారికి అడ్డంగానే ఉంటుందని చదివినట్టు గుర్తు. గ్రౌండులో కోడిగుడ్డు ఆకారంలో గీత గీసి, బైకు ఒకే స్పీడులో తిప్పితే?

రిటైర్డ్ మాస్టారు, గూడూరు:
అది మూడోది. వడి మారకపోతే దారి వెంబడి బలం సున్నా, మొత్తం అభిలంబం వైపే, అంటే దారికి నిట్టనిలువుగా లోపలికి. అది నాలుగు కొనల్లో తప్ప కేంద్రం గుండా పోదు. మలుపు ముదిరిన చోట, అంటే పొడవు కొనల్లో, టైరు మీద ఎక్కువ పడుతుంది. జారి పడేదీ అక్కడే.

కుర్రోడా, నీ లెక్క ఇట్లా సరిచూసుకో. పొడవు కొనలో వక్రతా వ్యాసార్థం (ఆ మలుపుకు సరిపోయే వృత్తం వ్యాసార్థం) 9/4, అక్కడ వడి 6. వడి వర్గాన్ని దాంతో భాగిస్తే 36 బై 2.25, అంటే 16. మీ సార్ చెప్పిన దారిలోనూ అదే 16 వస్తుంది.

కందుకూరు కుర్రోడు:
వచ్చింది మాస్టారూ. పొట్టి కొనలో వడి 8, వ్యాసార్థం 16/3, త్వరణం 12. రెండూ కలిశాయి. నిమ్మతోట అన్నా, మీరు ఆపకుండా వదిలేస్తే ఆ గుడ్డు అట్లాగే ఉంటుందా?

పొదలకూరు నిమ్మతోట:
ఉండదు. ఒకసారి వదిలేసి చూశా, గుడ్డు చిన్నదవుతూ బాటిల్ తిరిగే వైపుకే మెల్లగా తిరిగింది.

రిటైర్డ్ మాస్టారు, గూడూరు:
చిన్నదయ్యేది గాలి వల్ల. తిరిగేది ఊపు పెద్దదైనందుకు. ఊపు పెద్దదైతే లాగుడు దూరానికి సరిగ్గా తగ్గట్టు ఉండదు, కొంచెం తగ్గుతుంది. జానెడు ఊపుతో చేసి చూడండి, దాదాపు కదలదు.

పొదలకూరు నిమ్మతోట:
ఆదివారం చేస్తా. ఈసారి కింద పాత దుప్పటి పరవాలి.