మారిషస్‌లో కారు లేకుండా మూడు నెలలు గడుస్తుందా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. ప్రాజెక్టు పని మీద మూడు నెలలు ఎబెన్‌లో ఉండాలి, అమ్మానాన్నలను కూడా తీసుకెళ్తున్నాను. అద్దె కారు లేకుండా బస్సులు, మెట్రోతో తిరగొచ్చా? ఎయిర్‌పోర్టు నుంచి మెట్రో ఉందా? పోయినసారి వేరే దేశంలో రోమింగ్ పనిచేయక రాత్రంతా ఇంటికి కబురు చెప్పలేకపోయాను, అందుకే ఫోన్ గురించే ఎక్కువ టెన్షన్. రోడ్రిగ్స్ దీవికి ఓడలో వెళ్లాలని నాన్న కోరిక.

జవాబు 1:
పగటిపూట హాయిగా తిరగొచ్చండి, ఆరేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. మెట్రో పోర్ట్ లూయిస్ నుంచి క్యూర్‌పీప్ దాకా ఉంది, రోజ్ హిల్ దగ్గర ఒక పాయ చీలి ఎబెన్ వైపు వెళ్తుంది కాబట్టి మీ ఆఫీసుకు బెంగ లేదు. కట్టింది మన ఎల్ అండ్ టీ. 1964లో రైళ్లు పూర్తిగా ఆగిపోయాక మళ్లీ పట్టాల మీద బండి నడవడం ఇదే. ఎయిర్‌పోర్టుకు మాత్రం మెట్రో రాదు, అది ఆగ్నేయ కొసన ప్లెజాన్స్‌లో ఉంది. పెద్దవాళ్లు, పెట్టెలు ఉన్నాయి కాబట్టి మొదటి రోజు ట్యాక్సీయే మేలు, కానీ ఎక్కకముందే రేటు తేల్చుకోండి. నేను అడక్కుండా ఎక్కితే దిగేటప్పుడు రెట్టింపు అడిగాడు.

బస్సులో కండక్టరే సీటు దగ్గరకు వచ్చి టికెట్ ఇస్తాడు, చిల్లర ఉంచుకోండి, మీ స్టాపు రాకముందే బెల్ నొక్కండి. అసలు చిక్కు సాయంత్రం. ఊళ్ల వైపు రూట్లలో ఆరు, ఆరున్నరకే బస్సులు అయిపోతాయి. మహేబూర్ సోమవారం సంతలో మా అత్తగారు కూరగాయలు ఏరుతూ ఏరుతూ ఆలస్యం చేస్తే ఆఖరి బస్సు తోక మాత్రమే కనిపించింది, రెండు సంచులు పట్టుకుని చీకట్లో ముప్పావుగంట నిలబడ్డాం. ఉగాదికి ఇక్కడ ప్రభుత్వ సెలవు, గుడికి వెళ్లాలంటే పొద్దున్నే బయల్దేరండి, సెలవు రోజుల్లో బస్సులు తక్కువ.

జవాబు 2:
ఫోన్‌కు భయపడకండి అన్నా. ఎయిర్‌పోర్టులోనే మైటీ, ఎమ్‌టెల్ సిమ్ములు దొరుకుతాయి, పాస్‌పోర్టు చాలు. ఎమ్‌టెల్ 1989లోనే మొబైల్ మొదలుపెట్టిన కంపెనీ. నాన్నగారికి విడిగా ఇంకో సిమ్ తీసుకోండి, మీరు ఆఫీసులో ఉన్నప్పుడు ఆయన బయటికి వెళ్తే ఇద్దరికీ ధైర్యం. మన టైమ్ గంటన్నర ముందుంటుంది, ఇంటికి ఫోన్ చేసేటప్పుడు చూసుకోండి.

జవాబు 3:
రోడ్రిగ్స్ 560 కిలోమీటర్లకు పైనే. ఓడలో ఒక రోజు దాటుతుంది, విమానంలో గంటన్నర. సముద్రం ఊపేస్తే పెద్దవాళ్లు తట్టుకోలేరు, విమానంలోనే తీసుకెళ్లండి, నాన్నగారికి నేను చెప్పానని చెప్పండి. ఒకప్పుడు అక్కడ నెట్ శాటిలైట్ మీదే నడిచేది, 2019లో సముద్రం అడుగున కేబుల్ వేశాక వీడియో కాల్ కూడా బాగానే వస్తోంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండి. విమానమే బుక్ చేస్తాను, మహేబూర్ సంతకు పొద్దున్నే వెళ్తాం.