బీఆర్‌సీఏ2 బ్యాండ్: పాత లాట్‌ను నమ్మాలా, కొత్తదాన్నా?

కొత్త_స్కాలర్: హైదరాబాద్‌లో పీహెచ్‌డీ మూడో ఏడు. బీఆర్‌సీఏ2 (రొమ్ము క్యాన్సర్‌తో ముడిపడిన పెద్ద ప్రోటీన్)ను వెస్టర్న్ బ్లాట్‌లో చూడ్డానికి కుందేలు పాలీక్లోనల్ యాంటీబాడీ వాడుతున్నాను. పాత లాట్‌తో (తయారీ బ్యాచ్‌తో) దాని బరువు 384 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్, అంటే గీత, బాగా వచ్చేది. కొత్త లాట్‌తో ఏమీ రావడం లేదు. టెన్షన్‌తో పాతదాన్నే మళ్లీ పరీక్షించాను. ఆ జన్యువును అణచే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ వేశాక బీఆర్‌సీఏ2 ఆర్‌ఎన్‌ఏ పడిపోయింది, బ్యాండ్ మాత్రం తగ్గలేదు. గైడ్ "నీ చేతి లోపం" అంటున్నారు.

తుంగభద్ర: అది ట్రాన్స్‌ఫర్ సమస్యమ్మా. అంత పెద్ద ప్రోటీన్ గంటలో జెల్ నుంచి మెంబ్రేన్‌కు ఎక్కదు. రాత్రంతా చల్లగదిలో పెట్టి చూడు.

బోస్టన్_చలి: ట్రాన్స్‌ఫర్ బాగోకపోతే బ్యాండ్ రాదు, నిజమే. కానీ ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ వేసినా పాత బ్యాండ్ ఎందుకు తగ్గలేదు? దానికి జవాబు చెప్పండి.

తుంగభద్ర: ఎన్ని గంటలకు చూసిందో చెప్పలేదుగా. ఆర్‌ఎన్‌ఏ పోయినా ప్రోటీన్ కొంతకాలం ఉంటుంది. ముందు ట్రాన్స్‌ఫర్ సంగతి తేల్చండి.

కొత్త_స్కాలర్: 72 గంటలకు సార్. అదే మెంబ్రేన్‌పై ఏటీఎం అనే మరో పెద్ద ప్రోటీన్ కూడా చూశాను. 350 కిలోడాల్టన్లు. శుభ్రంగా వచ్చింది.

పత్తిచేను: ఏటీఎం వచ్చిందంటే ట్రాన్స్‌ఫర్ మాట వదిలేయొచ్చు.

తుంగభద్ర: 350 వేరు, 384 వేరు.

బోస్టన్_చలి: పాలీక్లోనల్ అంటే ఒక జంతువు రక్తంలోని రకరకాల యాంటీబాడీల కలయిక. కుందేలు మారితే కలయికా మారుతుంది. అందుకే 2015లో నేచర్ పత్రికలో బ్రాడ్‌బరీ, ప్లుక్తున్‌లతో పాటు వంద మందికి పైగా శాస్త్రవేత్తలు సీక్వెన్స్ తెలిసిన రీకాంబినెంట్ యాంటీబాడీలు (జన్యువు నుంచి ల్యాబ్‌లో ఒకేలా చేసేవి) కావాలన్నారు. ఇక్కడ తేలిక దారి క్యాపాన్-1 అనే క్యాన్సర్ కణాలు. వాటిలో బీఆర్‌సీఏ2 మధ్యలో తెగిపోతుంది, చివరి భాగమే ఉండదు. మీ యాంటీబాడీ చివరి భాగానికి తయారుచేసినదైతే అక్కడ బ్యాండ్ రాకూడదు. వచ్చిందంటే అది బీఆర్‌సీఏ2 కాదు.

తుంగభద్ర: అమెరికాలో కూర్చుని చెప్పడం సులువు. మాకు ఒక వయల్ రావడానికి నెలలు. ఒకసారి ఐస్ అంతా కరిగి నీళ్లతో వచ్చింది, డబ్బు వెనక్కి రాలేదు. కొత్త లాట్ దారిలోనే పాడైందేమో! ప్రతి యాంటీబాడీకీ నాకౌట్ (ఆ జన్యువు తీసేసిన కణాలు) చూడమంటే గ్రాంట్ దానికే సరిపోతుంది.

పత్తిచేను: ఐస్ బాధ నిజమే. మాకూ జరిగింది.

బోస్టన్_చలి: కొత్త లాట్ పాడైతే పాతది మంచిదని రుజువవుతుందా? ఆమెను చేతకానిదాన్ని చేశారు. నేనూ పీహెచ్‌డీలో ఏడాదిన్నర అదే మాట పడ్డాను. తప్పు వయల్‌దని చివర్లో తేలింది, నాకు ఒక్కరూ సారీ చెప్పలేదు. మీరెందుకు ఇంత పట్టుగా పాత లాట్‌ను కాపాడుతున్నారు?

తుంగభద్ర: ఆమె మెసేజ్‌లో పంపిన కేటలాగ్ నంబరు చూశాను కాబట్టి. మా ల్యాబ్‌లోనూ అదే. రెండు పేపర్లు దానిమీదే వచ్చాయి. ఒక విద్యార్థి థీసిస్ కూడా. ఆ బ్యాండ్ తప్పంటే అతనికి నేనేం చెప్పాలి?

కొత్త_స్కాలర్: సార్, నాకు ఆ సంగతి తెలియదు.

బోస్టన్_చలి: ఆ మాట ముందే చెప్పి ఉంటే నేను అలా అడిగేవాడిని కాదు. అయినా పరీక్ష చేయాల్సిందే.

తుంగభద్ర: పాత లాట్ మా ఫ్రీజర్‌లో కొంచెం ఉంది. క్యాపాన్-1 లైసేట్ (కణాలను పగలగొట్టిన ద్రవం) అడిగి తెప్పిస్తాను. ఏటీఎం కూడా పెడతాను. ఫలితం ఏదైనా ఇక్కడే పెడతాను, కానీ ముందు ఆ అబ్బాయికి ఫోన్ చేయాలి.