ఢిల్లీలో తెల్లవారుజాము విమానం అందుకోవడానికి విశాఖ నుంచి ఏ విమానం మేలు?

నమస్కారం. మా అమ్మగారు జనవరిలో ఢిల్లీ మూడో టెర్మినల్ నుంచి తెల్లవారుజామున 2.30 గంటలకు బయలుదేరే విమానంలో అమెరికా వెళ్తున్నారు. ఆ టికెట్ కొనేశాం, విశాఖ నుంచి ఢిల్లీకి మాత్రం విడిగా కొనవలసి ఉంది. అన్నిటికన్నా చవకైనది రాత్రి 9 గంటలకు ఒకటో టెర్మినల్‌లో దిగుతుంది. టికెట్లు వేరు కాబట్టి సామాను అక్కడ తీసుకొని, కొన్ని కిలోమీటర్ల దూరంలోని మూడో టెర్మినల్‌కు బస్సులోనో టాక్సీలోనో చేరి, మళ్లీ చెక్-ఇన్ చేయించుకోవాలి. మొదటి విమానం ఆలస్యమైతే రెండో సంస్థకు బాధ్యత ఉండదు, ఢిల్లీలో జనవరి పొగమంచు సంగతి తెలిసిందే.

పైగా దేశీయ టికెట్‌పై 15 కిలోలే ఉచితం, అమ్మ తీసుకెళ్లేవేమో 23 కిలోల పెట్టెలు రెండు (సగం పచ్చళ్లే!), అదనపు బరువుకు రుసుము కడితే ఆ చవక నిలుస్తుందని నాకు నమ్మకం లేదు. మధ్యాహ్నమే, అదీ మూడో టెర్మినల్‌లోనే దిగే మరో విమానానికి రూ.2,500 ఎక్కువ అవుతోంది.

అమ్మకు హిందీ రాదు, ఒంటరి ప్రయాణం. పెద్దవాళ్లను ఇలా విడి టికెట్లపై పంపినవారు దయచేసి చెప్పండి: రాత్రి విమానమైతే ఐదున్నర గంటల వ్యవధి సరిపోతుందా? అంతర్జాతీయ టికెట్ చూపిస్తే దేశీయ విమానంలో అదనపు బరువుకు మినహాయింపు ఇస్తారా? మధ్యాహ్నమే దిగితే చెక్-ఇన్ తెరిచేవరకు ఆమె ఎక్కడ కూర్చోవచ్చు?