గుండు గాలిలో పేలితే మొమెంటం ఎలా కన్సర్వ్ అవుతుంది? భూమి లాగుతూనే ఉంటుంది కదా

ఎంపీసీ విద్యార్థి:
ఎంట్రన్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను, ఈ లెక్క దగ్గర ఆగిపోయాను. 2 కిలోల గుండును అడ్డంగా 40 మీ/సె, పైకి 50 మీ/సె వేగాలతో ప్రయోగించారు, గురుత్వ త్వరణం జి విలువ 10. గరిష్ఠ ఎత్తులో అది పేలి రెండు సమాన ముక్కలైంది. ఒక ముక్క వేగమేమీ లేకుండా అక్కడి నుంచి నిట్టనిలువుగా పడింది. రెండోది ఎక్కడ పడుతుంది? ఆన్సర్ 600 మీటర్లు. సొల్యూషన్ మొదటి లైనే 'ద్రవ్యవేగ నిత్యత్వం ప్రకారం' (అంటే మొమెంటం మారదని) అని ఉంది. బాహ్య బలం ఉంటే ఆ నియమం వాడకూడదని అదే చాప్టర్లో రాశారు, మరి గురుత్వ బలం ఏమైనట్టు? ఫార్ములా బట్టీ పట్టడం నాకు ఇష్టం లేదు, కారణం చెప్పండి.

బీటెక్ ఫైనలియర్:
తమ్ముడూ, ద్రవ్యవేగం సదిశ (దిశ ఉన్న రాశి), ఏ దిశ లెక్క ఆ దిశదే. భూమి కిందకే లాగుతుంది, పక్కకు లాగదు. కాబట్టి అడ్డంగా పేలకముందు ఎంతుందో (2×40 = 80) పేలాకా అంతే. ఒక ముక్కకు సున్నా, రెండోది 1 కిలో, దాని వేగం 80. పైకి వెళ్లడానికి 50/10 = 5 సెకన్లు, కిందకు రావడానికీ అంతే, అంటే 80×5 = 400 మీటర్లు. పేలిన చోటు 40×5 = 200 దగ్గర, మొత్తం 600.

ఫిజిక్స్ లెక్చరర్:
పై జవాబు సరైనదే, కానీ నిలువు దిశలో కూడా పేలుడుకు ముందూ వెనకా నిత్యత్వం వాడతాం, అసలు సందేహం అక్కడే రావాలి. పేలుడు 0.001 సెకను పట్టిందనుకో. ఆ కాసేపట్లో గురుత్వం ఇచ్చే ప్రచోదనం (బలం × కాలం, అంటే ద్రవ్యవేగంలో వచ్చే మార్పు) 20×0.001 = 0.02, గుండు ద్రవ్యవేగం 80. అందుకే వదిలేస్తాం. బాహ్య బలం లేదని కాదు, దానికి టైం చాలదని. గతిజశక్తి మాత్రం 1600 జౌల్స్ నుంచి 3200 అయింది, ఆ అదనం మందుగుండులోని రసాయన శక్తి, కాబట్టి ఇక్కడ గతిజశక్తిని సమానం చేయకూడదు.

ఎంపీసీ విద్యార్థి:
అర్థమైంది సార్. అయితే ద్రవ్యరాశి కేంద్రం (సమాన ముక్కలు కాబట్టి రెండింటికీ సరిగ్గా మధ్య బిందువు) ఎలాగూ గుండు పేలకపోతే పడే 400 దగ్గరే పడుతుంది కాబట్టి (200 + x)/2 = 400 అని వేసేస్తే సరిపోతుందా?

ఫిజిక్స్ లెక్చరర్:
ఈ లెక్కలో సరిపోతుంది, ఎందుకంటే రెండు ముక్కలూ ఒకేసారి నేలను తాకుతాయి. ఇదే లెక్కలో మొదటి ముక్క 37.5 మీ/సెతో నిట్టనిలువుగా కిందకు దూసుకెళ్లిందని మార్చి చూడు. ఎత్తు 125 మీటర్లు, అది 2.5 సెకన్లలోనే నేలకు చేరుతుంది, పడేది మాత్రం అదే 200 దగ్గర. రెండోది అంతే వేగంతో పైకి లేచి, 10 సెకన్లు గాలిలో ఉండి, 80×10 = 800 మీటర్లు అడ్డంగా వెళ్లి 1000 దగ్గర పడుతుంది. సగటు 600, నీ 400 కాదు. మొదటి ముక్క నేలను తాకిన క్షణం నుంచి నేల దాన్ని ఆపుతోంది, అంటే వ్యవస్థ మీద కొత్త బాహ్య బలం వచ్చింది, ద్రవ్యరాశి కేంద్రం పాత పరావలయం వదిలేసింది. ప్రశ్నలో 'పడింది' అన్నారా, 'విసరబడింది' అన్నారా చూసుకుని ఆ షార్ట్‌కట్ వాడు.