ఘాట్ మలుపులు మొదలవగానే మా కుక్కకి వాంతులు, దేవమాలి దాకా ఎలా తీసుకెళ్ళాలి?

మాది రాయగడ. మా బుజ్జిగాడు నాటు కుక్కే, మూడేళ్ళు, 19 కిలోలు. వాడితో కారులో కొరాపుట్ మీదుగా దేవమాలి వెళ్ళి, 1672 మీటర్ల కొండ కదా, చివరి కొంచెం దూరం నడిచి ఎక్కుదామని రెండుసార్లు బయల్దేరి రెండుసార్లూ దార్లోంచే వెనక్కొచ్చేశాం.

ఊళ్ళో రోడ్డు మీద ఎంతసేపైనా బానే ఉంటాడు. మలుపులు మొదలైన 20 నిమిషాలకి నోట్లోంచి తీగలా చొంగ, ఆవలింతలు, తర్వాత పసుపు నురగ వాంతి. కారు ఆపి దింపితే పది నిమిషాల్లో మామూలే, మేకల వెనక పరిగెడతాడు దొంగ వెధవ!

మొదటిసారి రాత్రి 8కి అన్నం పెట్టి పొద్దున 5కి ఖాళీ కడుపుతో తీసుకెళ్ళాం. రెండోసారి డాక్టర్ గారిచ్చిన వాంతుల మాత్ర కూడా వేశాం, కాకపోతే హడావుడిలో బయల్దేరడానికి అరగంట ముందే వేశాం, కనీసం రెండు గంటల ముందు వెయ్యాలంట. ఏసీ ఆపి అద్దాలు దించడం, వెనక సీట్లో బెల్టు కట్టడం, అరగంటకోసారి ఆపడం అన్నీ అయ్యాయి.

మాత్ర ఈసారి టైముకే వేస్తాం గానీ, కుక్కతో ఘాట్ రోడ్లు తిరిగినవాళ్ళు చెప్పండి, పూర్తి ఖాళీ కడుపుతో తీసుకెళ్తే నయమా, ముందు కొంచెం ఏదైనా పెడితే నయమా, పెడితే ఎన్ని గంటల ముందు?